కత్తి పడకముందే కణితికి హద్దు గీత

ముక్కు పక్కన శనగ గింజంత పుండు. నొప్పి లేదు, చీము లేదు. పైన పక్కు కడుతుంది, రాలుతుంది, కాస్త రక్తం చెమర్చి మళ్లీ పక్కు కడుతుంది. పసుపు అద్దుతారు, మందుల షాపులో అడిగి ఆయింట్‌మెంట్ రాస్తారు. ఏడాది గడుస్తుంది. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ కాన్సర్ చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. ఇది ఇతర అవయవాలకు పాకడం బహు అరుదు. అయితే వదిలేస్తే ఉన్నచోటనే ముక్కునూ కనురెప్పనూ తినేస్తూ పోతుంది. పూర్వం ఇంగ్లీషు వైద్యులు దీనికి పెట్టిన పేరుకు అర్థం కూడా 'కొరికే పుండు' అనే.

సకాలంలో కోసి తీసేస్తే నయమయ్యే జబ్బే. ఎంత మేర కోయాలన్న దగ్గరే చిక్కు వస్తున్నది. గరిక పీకిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పైన కనిపించేది ఒక దుబ్బు. కింద వేళ్లు ఎంతదూరం పోయాయో తవ్వితేగాని తెలియదు. రెండు సెంటీమీటర్లకు లోబడిన ఇలాంటి కణితులకు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మాన్ని కలిపి తీస్తే నూటికి 95 కేసులలో పూర్తిగా పోతుందని 1987లో అమెరికాలో ప్రచురితమైన పరిశీలన ఒకటి తేల్చింది. వీపు మీద 4 మిల్లీమీటర్లు లెక్కలోనిది కాదు. కంటి కొసన అదే 4 మిల్లీమీటర్లు పోతే రెప్ప మూతపడదు. తక్కువ తీస్తే మళ్లీ మొలుస్తుంది.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ అనే వైద్యుడు 1930లలోనే దీనికొక దారి చూపారు. పొరలుగా కోయడం, కోసిన ప్రతి పొర అంచులనూ మైక్రోస్కోపు కింద పరీక్షించడం, మిగిలి ఉన్న వైపే మళ్లీ కోయడం. ఈ పద్ధతి ఇప్పటికీ గొప్పదే. అయితే రోగి గంటల తరబడి కూర్చోవాలి, పక్కనే ప్రయోగశాల ఉండాలి, గాయం ఎంత పెద్దదవుతుందో ఆఖరి పొర దాకా తెలియదు.

ఆ సంగతి ముందుగానే చెప్పగల యంత్రాలు వచ్చాయి. వాటిలో ఒకటి కన్‌ఫోకల్ మైక్రోస్కోపు. దీని మూలసూత్రానికి మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1995లో మిలింద్ రాజాధ్యక్ష, బోస్టన్‌లోని ఆయన సహచరులు దానితో బతికి ఉన్న మనిషి చర్మంలోని కణాలను కోయకుండానే చూపించారు. సూది లేదు, మత్తు లేదు. చర్మానికి లెన్సు ఆనించి బలహీనమైన లేజర్ కాంతి పంపుతారు. తిరిగివచ్చిన కాంతితో తెర మీద బొమ్మ ఏర్పడుతుంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఈ బొమ్మలో తెల్లగా మెరుస్తుంది! కణాలు విడివిడిగా కనిపించినా, చూపు మాత్రం పావు మిల్లీమీటరు లోతు దాటదు.

రెండవది ఓసీటీ. రెటీనా పరీక్షకు కంటి ఆసుపత్రికి వెళ్లినవారిలో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. 1991లో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతి చర్మంలో ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోతు వరకు చూపుతుంది, కాని కణాలంత స్పష్టంగా కాదు. అందుకే రెండింటినీ కలిపి వాడేవారున్నారు. ఇంకా లోతు తెలియాలంటే హెచ్చు ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్ ఉంది.

హద్దు కట్టే తీరు సులభంగానే అర్థమవుతుంది. కణితి చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్లు ఒక్కొక్క దిక్కునా యంత్రాన్ని బయటికి జరుపుతూ, చెడ్డ కణాలు కనిపించని చోట పెన్నుతో చుక్క పెడతారు. చుక్కలన్నీ కలిపితే కోత గీత. ముసలితనంలో ఎండ తగిలిన చెంపల మీద వచ్చే లెంటిగో మాలిగ్నా అనే మచ్చకు ఇది బాగా ఉపకరిస్తోంది; దాని అంచు కంటికి అసలే ఆనదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైద్యులు 37 మందికి ఇలా హద్దు చూసి 2013లో ఫలితాలు ప్రకటించారు. 27 మందికి చికిత్స మార్చవలసి వచ్చింది. వారిలో 11 మందికి ఆపరేషన్ తీరే పెద్దగా మారగా, 16 మందికి కోతకు బదులు రేడియేషన్ గాని పైపూత మందు గాని సూచించారు.

యంత్రం పొరపడదని కాదు. వాపు ఉన్నచోట చేరే మామూలు రక్షక కణాలు కాన్సర్ కణాల్లా భ్రమ గొలుపుతాయి. మందమైన పక్కు ఉంటే చూపు లోపలికి పోదు. తీసిన ముక్కను పరీక్షించే పెథాలజిస్టు మాటే ఇప్పటికీ తుది తీర్పు.

మన చర్మం రంగు ఎండ నుంచి చాలా వరకు కాపాడుతుంది కనుక తెల్లవారితో పోలిస్తే ఈ జబ్బు ఇక్కడ తక్కువ. వచ్చినప్పుడు మాత్రం నల్లగా ఉండి పుట్టుమచ్చ అనిపిస్తుంది. మెలనోమా అయితే తరచు అరికాలిలో వస్తుంది. రెప్పల తీరు మరీ వేరు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ప్రచురించిన పరిశీలనలో రెప్ప కాన్సర్లలో సగానికి పైగా నూనె గ్రంథులలో పుట్టేవే. ఇవి మధ్యలో ఖాళీలు వదిలి పాకగలవు గనుక పలుచోట్ల చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. మేనరికపు సంబంధాల్లో ఎక్కువగా బయటపడే జీరోడెర్మా పిగ్మెంటోజం బారిన పడిన పిల్లల కష్టం చెప్పతరం కాదు. చిన్నతనం నుంచే ముఖమంతా ఒకదాని తర్వాత ఒకటి కాన్సర్లు లేస్తాయి, ఆపరేషన్ వెంట ఆపరేషన్ తప్పదు. వారి ముఖాన మిగిలే ప్రతి మిల్లీమీటరూ విలువైనదే.

ఖరీదైన యంత్రాలు, వాటి బొమ్మలు చదవగల వైద్యులు ప్రతి ఊళ్లోనూ దొరకరు. దీపం, భూతద్దం కలిసి అరచేతిలో ఇమిడే డెర్మోస్కోపు మాత్రం చాలామంది చర్మ వైద్యుల దగ్గర ఉంటుంది. దానితో చూసి గీసిన హద్దు ఉత్త కంటితో గీసినదానికన్నా మెరుగు. కొన్ని వారాలకు మానని పుండును ముందు చర్మ వైద్యునికి చూపించడం, ముక్క పరీక్ష కాకుండా మచ్చను కాల్పించకుండా ఉండటం రోగి చేతిలోని పనులు. ఆపరేషన్‌లో తీసిన ముక్కకు ఒక కొసన దారం కుట్టి పంపితే ఏ వైపు హద్దు మిగిలిందో పెథాలజిస్టు చెప్పగలుగుతాడు. రిపోర్టు వచ్చాక అన్ని అంచులూ శుభ్రంగా ఉన్నాయా అని డాక్టరును అడిగి తెలుసుకోవచ్చు.