పసివారి మెదడు, పరిశోధకుల ధర్మము

కొవ్వూరునుండి ఒక తండ్రి మాకు జాబు వ్రాసిరి. ఆయన కుమారునికి పదునైదేండ్లు. గడచిన వేసవిలో ఆ బాలుడు వారము దినములు నిదుర లేక, అలసట యెరుగక, ఎడతెగక మాటలాడుచు, గోదావరిపై తానొక్కడే క్రొత్త వంతెన కట్టించెదనని నమ్మి, ఇంటనున్న రొక్కమును తోడి పిల్లలకు పంచిపెట్టెనట. ఆ పొంగు చల్లారిన రెండు నెలలకే బడి మాని, అన్నము మాని, గోడవైపు తిరిగి పండుకొనెనట. బంధువులు గాలి సోకినదనిరి. ఉపాధ్యాయులు పొగరనిరి. తుదకొక వైద్యుడు పరీక్షించి, ఇది బైపోలార్ వ్యాధి యని చెప్పెను. ఆ తండ్రి మమ్మడిగిన ప్రశ్నలు రెండే: మెదడు ఫొటో తీయించినచో ఈ వ్యాధి నిశ్చయముగా తేలునా? పరిశోధనకై పిల్లవానిని పంపుమని యెవరైన కోరినచో పంపవచ్చునా?

ఈ ప్రశ్నలు ఒక్క యింటివి కావు. ఇట్టి బిడ్డ గల యిండ్లు అనేకములు. నోరు విప్పి చెప్పుకొను ఇండ్లు బహు స్వల్పము. కావున ఆ తండ్రి అనుమతితో, ఆయన పేరు చెప్పక, ఇచ్చటనే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

బైపోలార్ అనగా రెండు ధ్రువములు గలది. మనస్సు ఒకప్పుడు అతిగా పొంగును. ఒకప్పుడు అతిగా క్రుంగును. నడుమ కొంతకాలము తక్కిన వారివలెనే యుండును. ఇది పెంపకపు లోపము కాదు, దుర్గుణము కాదు. వంశమునకును దీనికిని గాఢమైన సంబంధము గలదు. 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన నలువదివేలమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించి, ఈ వ్యాధితో సంబంధము గల 64 స్థానములను గుర్తించెను. అరువదినాలుగు స్థానములనగా ఏ ఒక్క స్థానమును వ్యాధిని నిర్ణయింపజాలదని యర్థము. తల్లికో తండ్రికో ఉన్నంతమాత్రమున బిడ్డకు తప్పక వచ్చునని భయపడ బనిలేదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మన దేశములో పెద్దవారిలో వెయ్యిమందికి ముగ్గురు ఆ సమయమున ఈ వ్యాధితో నున్నట్లు లెక్క వేసెను. ఆ సర్వే జరిగిన పండ్రెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము లేదు, తెలంగాణమును లేదు. మన పిల్లల లెక్క అందులో చేరలేదన్నమాట.

ఇక మొదటి ప్రశ్న. మెదడులో బాదంగింజ ఆకారము గల చిన్న భాగమొకటి గలదు. దానిని అమిగ్డలా యందురు. భయము, కోపము, ఇతరుల ముఖములోని భావమును పసిగట్టుట మున్నగు పనులలో దానికి పాలు గలదు. నొసటి వెనుకనున్న భాగము ఆ ఉద్వేగములకు పగ్గము వేయును. ఈ పగ్గము బాల్యమున అల్లుకొనుట ప్రారంభించి, ఇరువదేండ్లు దాటినను పూర్తిగాక, మెల్లమెల్లగా బిగియును. బైపోలార్ వ్యాధిగల బాలురలో అమిగ్డలా పరిమాణము కొంత తక్కువగా నున్నట్లు పలు పరిశోధనలు తెలిపినవి. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థవారు అట్టి పిల్లలకు ఏ భావమును లేని ముఖముల చిత్రములను చూపిరి. తక్కిన పిల్లలకంటె వీరు ఆ ముఖములలో ఎక్కువ శత్రుత్వమును చూచిరి; ఆ క్షణమున వీరి అమిగ్డలా ఎక్కువగా చలించెను. అమ్మ ఊరక చూచినను కసరినట్లు తోచు బిడ్డకు, ఆ తోచుట అబద్ధము కాదని ఈ పరిశోధన మనకు చెప్పుచున్నది. పొగరను మాట ననుటకు ముందు ఉపాధ్యాయులు దీనిని తలచుకొనవలెను.

అయినను ఎం.ఆర్.ఐ. చిత్రముతో వ్యాధి తేలునా యన్నచో, తేలదనియే మా ప్రత్యుత్తరము. 2018లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు కలిసి 6,503 మంది మెదడు చిత్రములను సరిపోల్చిరి. వ్యాధిగ్రస్తులలో మెదడు పైపొర కొన్ని భాగములందు పలుచబడినట్లును, లిథియము పుచ్చుకొనువారిలో ఆ పలుచదనము తక్కువగా నున్నట్లును కనుగొనిరి. కాని అది సమూహముల సగటు. ఒక్కొక్క మనిషిని తీసికొన్నచో, వ్యాధి గలవాని చిత్రమును లేనివాని చిత్రమును ఒకదానినొకటి పోలియుండవచ్చును. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక యెగురవేయుదురు. ఎన్నో ఏండ్ల వరదలను కొలిచిన పిమ్మట ఆ అంకె నిలిచినది. మెదడు విషయమున అట్టి కొలబద్ద నేటికిని లేదు. ఫొటో తీసి బైపోలార్ వ్యాధిని నిర్ణయించెదమని డబ్బు అడుగువారెవరైన నున్నచో, వారిని నమ్మవలదు. ఇతర వ్యాధులు లేవని చూచుకొనుటకు వైద్యుడు ఆ పరీక్ష వ్రాయవచ్చును. అది వేరు సంగతి. ఈ వ్యాధిని నిర్ణయించునది బిడ్డ చరిత్ర: ఎన్ని దినములు నిదురలేదు, ఎప్పుడు పొంగెను, ఎప్పుడు క్రుంగెను, కుటుంబములో నెవరికైన నుండెనా యను వివరములు. తల్లి ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచు తేదీలు వేలు పోసి తీయించిన చిత్రముకంటె విలువైనవి.

తొందరపడి పేరు పెట్టుట యెంత ప్రమాదమో అమెరికా మనకు చూపినది. అచ్చట వైద్యులను దర్శించిన పిల్లలలో బైపోలార్ నిర్ణయము 1994-95లో లక్ష జనాభాకు 25 సందర్శనములు. 2002-03 నాటికి 1,003. ఎనిమిదేండ్లలో నలువది రెట్లు! వ్యాధి అంతగా పెరుగలేదు. పేరు పెట్టుట పెరిగినది. ఎల్లప్పుడు చిరచిరలాడు పిల్లలకెల్ల ఆ పేరే తగిలించిరి. ఎలెన్ లీబెన్‌లుఫ్ట్ మొదలగువారు ఈ పిల్లలను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచిరి. నిత్యము చిరాకుపడు పిల్లలు పెద్దయిన పిమ్మట దిగులు, ఆందోళనలకు లోనగుదురే గాని, సాధారణముగా బైపోలార్ రోగులు కారని తేల్చిరి. అందుచేతనే 2013లో అమెరికా మనోవైద్య సంఘము తన వ్యాధుల పట్టికలో ఆ పిల్లలకు వేరొక పేరు చేర్చెను. పొంగును క్రుంగును విడివిడిగా, కాలపరిమితితో వచ్చుటయే బైపోలార్ వ్యాధికి గురుతు.

నిరాశకు మాత్రము చోటు లేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో శోభా శ్రీనాథ్, వై.సి. జనార్దనరెడ్డి మున్నగువారు పదునారేండ్లలోపున ఈ వ్యాధి సోకిన 30 మందిని నాలుగైదేండ్లు కనిపెట్టి, 1998లో ఫలితములను ప్రకటించిరి. ఆ ముప్పదిమందియు మొదటి దాడినుండి కోలుకొనిరి. అయితే మూడింట రెండువంతులమందికి వ్యాధి మరల తిరుగబెట్టెను; అదియు చాలవరకు మొదటి రెండేండ్లలోనే. బిడ్డ కోలుకొనును, కోలుకొనెను గదా యని మందు మానరాదు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించిన లిథియము నేటికిని ఈ చికిత్సలో ముఖ్యమైన మందు. దానికి రక్తపరీక్షలు వలయును. మూత్రపిండములను, థైరాయిడును కనిపెట్టుచుండవలెను. మన మెట్ట యెండలలో ఒంటినీరు తగ్గినచో రక్తములో లిథియము ప్రమాదముగా పెరుగును. వాంతులు, విరేచనములు, వణకు కనిపించినచో ఆలసింపక వైద్యునికి చూపవలెను.

రెండవ ప్రశ్న మరింత బరువైనది. పావులూరి అను ఇంటిపేరు మనకు క్రొత్తది కాదు. గణితశాస్త్రమును తెనిగించిన పావులూరి మల్లనతో అది చిరపరిచితము. అదే ఇంటిపేరు గల డాక్టర్ మణి పావులూరి షికాగోలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయములో పిల్లల బైపోలార్ వ్యాధిని గూర్చి మెదడు చిత్రణతో పరిశోధన చేసి విఖ్యాతి గడించిరి. ప్రభుత్వ ధనముతో 2009లో ఆరంభమైన ఆమె పరిశోధనలో లిథియము పుచ్చుకొనక మునుపును, పుచ్చుకొన్న పిమ్మటను బాలుర మెదడును పోల్చదలచిరి. 2013లో అది నిలిచిపోయెను. పదమూడేండ్లలోపు వారిని చేర్చరాదను నియమమును మీరి చేర్చినట్లును, చేర్చుకొన్న 103 మందిలో 89 మంది నియమములకు తగనివారైనట్లును, తల్లిదండ్రులకు ప్రమాదములను సరిగా తెలుపనట్లును విచారణలో తేలెనని 2018లో పత్రికలు వెల్లడించినవి. విశ్వవిద్యాలయము 31 లక్షల డాలర్లను ప్రభుత్వ సంస్థకు తిరిగి చెల్లించెను. కొన్ని వ్యాసములు ఉపసంహరింపబడినవి. జరిగినవి పొరబాట్లే గాని దురుద్దేశముతో చేసినవి కావని ఆమె వాదము. మేము న్యాయాధిపతులము కాము. కాని డాలర్లను తిరిగి చెల్లింపవచ్చును; ఆ పిల్లలు యంత్రములో కదలక పండుకొన్న గడియలను ఎవరు తిరిగి యియ్యగలరు? నియమము తప్పిన పరిశోధనలో దొరికిన సత్యమును సైతము ఎవరును నమ్మజాలరు. నష్టపోయినది ఆ నూటముగ్గురే కాదు. ఆ ఫలితమునకై ఎదురుచూచిన కొవ్వూరు బాలుడును నష్టపోయెను.

అమెరికా దూరమనుకొనవలదు. కొవ్వూరునకు ఎగువన, ఇదే గోదావరి యొడ్డున భద్రాచలమున్నది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో భద్రాచలము మున్నగు మండలములలో సుమారు 14 వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వారపు కేన్సరును నిరోధించు టీకా వేసి పరిశీలన జరిపిరి. 2010 ఏప్రిలులో ప్రభుత్వము దానిని నిలిపివేసెను. ఆ టీకా మంచిదా కాదా యనుట వేరు ప్రశ్న. పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 పత్రములపై వసతిగృహముల వార్డెనులే సంతకము చేసిరని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము బయటపెట్టెను. కన్నతల్లి యెరుగకయే కూతురిపై పరిశోధన జరిగినది. ఆశ్రమ పాఠశాలలోని గిరిజన బాలికకు లేని గౌరవము, రేపు మనస్సు చెదరిన బాలునికి లభించునని యెట్లు నమ్మగలము?

అట్లని పరిశోధనయే వలదనుట అవివేకము. పరిశోధన లేనిదే ఈ బిడ్డలకు మంచి మందు రాదు. చిత్తూరు ప్రాంతపు రిషివ్యాలీ గ్రామములతో సహా దేశములోని ఏడు చోట్ల, 6 మొదలు 23 ఏండ్లవరకు గల సుమారు తొమ్మిదివేలమంది బాలబాలికల, యువకుల మనస్సు, పరిసరములు, కొందరి మెదడు చిత్రములు సేకరించు సి-వేద యను పరిశోధన సాగినది. తెల్లవారి దేశముల పిల్లలను కొలిచిన కొలతలే మన పిల్లలకు సరిపోవునని యెవరు చెప్పగలరు? మన బిడ్డల లెక్క మనమే తీయవలెను. ధర్మము తప్పక తీయవలెను.

ధర్మమేదో వ్రాసియే యున్నది. భారత వైద్య పరిశోధన మండలివారి 2017 నిబంధనల ప్రకారము తల్లిదండ్రుల అంగీకారము చాలదు. ఏడేండ్లు దాటిన బిడ్డకు బోధపడునట్లు చెప్పి, వాని నోటి సమ్మతి తీసికొనవలెను. పండ్రెండేండ్లు దాటినచో వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. కావున ఆ తండ్రి అడుగవలసినవి ఇవి: ఈ పత్రము తెలుగులో నున్నదా? మందు మాన్పింతురా, క్రొత్తమందు వేయుదురా? హాని కలిగినచో చికిత్స యెవరు చేయుదురు? నడుమ విడిచి వచ్చినచో వైద్యము ఆపుదురా? నీతిసంఘపు అనుమతి యేది? వీనికి తిన్నగా ప్రత్యుత్తరమిచ్చువానితో బిడ్డను పంపవచ్చును. విసుగుకొనువాని యొద్దకు పంపరాదు. అన్నిటికంటె ముందు ఆ బాలుని అడుగవలెను. నెమ్మదిగా నున్న దినమున, ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగవలెను. వాడు వద్దన్నచో వద్దు.

ప్రభుత్వమును మేము కోరునవి మూడు. మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్ర బాలబాలికల లెక్క చేరవలెను. 2023లో రాజమహేంద్రవరమున ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. అచ్చట పిల్లల మనోవైద్యమునకు నిపుణులను, లిథియము రక్తపరీక్షను ఏర్పరుపవలెను. కొవ్వూరు తల్లి వంతెన దాటినంతనే ఆ సాయము అందవలెను గాని, విశాఖకో బెంగుళూరునకో పరుగెత్తవలసిన దుస్థితి యుండరాదు. పరిశోధన పత్రములన్నియు ఊరివారికి తెలియు తెలుగులో నుండవలెను.

ఆ తండ్రికి తుది మాట. అయ్యా, మీ బిడ్డ మెదడులోని సంగతులన్నియు శాస్త్రము ఇంకను ఎరుగదు. ఎరిగినంతవరకు చికిత్స యున్నది, అది పనిచేయుచున్నది. రాత్రివేళ భయము కలిగినచో 14416 అను టెలి-మానస్ సంఖ్యకు మాటలాడుడు. అది ఉచితము, రేయింబవళ్లు పలుకును. చావు మాట ఆ బాలుని నోట వచ్చినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపొండు. బంధువులు వాని పేరు గుసగుసలాడినచో, మీరు బిగ్గరగా పలుకుడు: మావానికి జబ్బు చేసినది, మందు ఇప్పించుచున్నాము అని. ఆ వాక్యమును సిగ్గులేక పలుకగలిగిన దినమున సగము వైద్యము జరిగినట్లే.