ముచ్చటబండి

ఇంటికి బండి వచ్చిన మరునాడే దానిని తనకు నచ్చినట్లు మార్చుకొనవలెనని కుఱ్ఱవానికి తోచును. ఈ ముచ్చటను మేము తప్పుపట్టము. అది ఎంతవరకు సాగవచ్చునో చూడగోరువారు పాల్మాకులనుండి బెంగుళూరు రహదారివెంట శంషాబాదు, ఆరాంఘర్ దాటి బహదూర్‌పురా చేరవలెను. అచ్చటి సుధా కార్ల ప్రదర్శనశాల 2010లో ప్రారంభమైనది. అందు బూటు, కెమెరా, క్రికెట్ బ్యాటు ఆకారములలో కార్లు కలవు. వీని నిర్మాత కన్యబోయిన సుధాకర్. ఆయన నిర్మించిన 41 అడుగుల 7 అంగుళముల యెత్తుగల మూడుచక్రముల సైకిలు 2005లో గిన్నిస్ రికార్డు పొందినది.

ఈ కార్లు వట్టి బొమ్మలు కావు, నడచునవి. అందువలననే మేము వీనిని మెచ్చుచున్నాము. ఆకారము నిర్మాత యిష్టము. నడక మాత్రము ప్రకృతి నియమములకు లోబడినది. పైన బరువు పెరిగినచో గరిమనాభి పైకి జరుగును. మలుపులో బండి ఒరుగును. పెద్ద టైర్లు బిగించినచో స్పీడోమీటరు అసలు వేగముకంటె తక్కువ చూపును. వేగము రెట్టింపైనచో, బ్రేకు నొక్కిన పిదప బండి నిలుచుటకు ఇంచుమించు నాలుగింతల దూరము పట్టును. కావున ఇంజనుబలము పెంచగోరువాడు ముందుగా బ్రేకులను, టైర్లను, బిగించిన ప్రతి బోల్టును పరీక్షింపవలెను.

మఱియొక విషయము. రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, సాధారణముగా నిషేధించుచున్నది. పనిముట్లు పట్టుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట మేలు. ముచ్చట మనదే గాని రోడ్డు పదిమందిది.