తీగ మీద ఓ పంట, నేల కింద ఓ పంట

శరదృతువులో జపాన్ పల్లెల్లో కొందరు గొడుగును తలకిందులుగా తెరిచి, కంచెకు అల్లుకున్న తీగ కింద పట్టుకుంటారు. తీగను ఊపితే గోధుమరంగు గుళికలు జలజలా రాలతాయి. చూపుకు పండ్లలా ఉన్నా, అవి ఆకు తొడిమల మొదట్లో పుట్టే బుల్లి దుంపలు. శనగగింజంత నుంచి గోళీకాయంత వరకు ఉంటాయి. పేరు ముకాగో.

తొక్క తీయకుండానే కడిగి, బియ్యంలో వేసి, కాస్త ఉప్పు జోడించి వండేస్తారు. నూనెలో వేయించినా కమ్మగా ఉంటాయి.

ఈ తీగ మన పెండలానికి దగ్గరి చుట్టం. జపాన్‌లో సాగు రకం నాగైమో, అడవి రకం జినెంజో. నేల కింది దుంపను అక్కడ పచ్చిగానే కోరి, జిగటగా వచ్చిన ముద్దను అన్నం మీద పోసుకుంటారు. ఎడో (నేటి టోక్యో), క్యోటోల మధ్య తోకైదో బాటలోని మారికో మజిలీ ఈ వంటకానికే పేరుపొందింది. చిత్రకారుడు హిరోషిగే 1830లలో అక్కడి పూటకూటి అంగడిని బొమ్మగా వేశాడు.

పచ్చి దుంప చెక్కుతుంటే చేతులు దురద పెడతాయి. కందలో ఉన్నట్టే ఇందులోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటమే కారణం. పులుపు ఆ దురదను తగ్గిస్తుంది. అందుకే అక్కడ వెనిగర్ నీళ్లు వాడతారు, మన ఇళ్లలో కందకు చింతపండు వేస్తారు.

తెగులుతో ఆలుగడ్డ పంటలు నాశనమైన 1840ల తర్వాత, ఫ్రాన్స్ ఈ దుంపను చైనా నుంచి తెప్పించి ప్రత్యామ్నాయంగా పండించాలని చూసింది. కానీ దుంప దాదాపు మీటరు లోతుకు దిగుతుంది. విరగకుండా తవ్వి తీయడం గగనమై, రైతులు దాన్ని వదిలేశారు. జపాన్ రైతులు ఆ కష్టానికి విరుగుడు కనిపెట్టారు. జినెంజోకు నేలలో ఏటవాలుగా ప్లాస్టిక్ గొట్టాలు పాతి, దుంప వాటి వెంటే పెరిగేలా చేస్తారు. నాగైమోకు పేరుపడ్డ అవోమోరిలో యంత్రాలతో లోతైన చాళ్లు తీస్తారు. కొంత పంటను నేలలోనే ఉంచి, మంచు కరిగాక వసంతంలో తవ్వుతారు.

రాలిన ప్రతి గుళికా మొలకెత్తగలదు. అమెరికాలో పూల సువాసన కోసం అలంకారంగా పెంచిన ఈ తీగ తూర్పు అడవుల్లోకి పాకి, స్థానిక మొక్కలను కప్పేస్తోంది. పెంచేవాళ్లు గుళికలు నేలపాలు కాకముందే ఏరుకోవాలి.

తెలుగు పెరళ్లకు పెండలమే చక్కగా నప్పుతుంది. తొలకరికి ముందు పావుకిలో ముక్కలను వదులు మట్టిలో నాటి, ఎక్కడానికి పందిరి ఇస్తే ఎనిమిది తొమ్మిది నెలల్లో ఆకులు పండుతాయి. అప్పుడు తవ్వుకోవచ్చు. పెండలాన్ని మాత్రం ఉడికించే తినాలి. అడవి దుంపల్లో విషపూరితమైనవీ ఉన్నాయి. నల్లమల చెంచులు తరతరాలుగా అడవి దుంపలు తవ్వుకుని తింటున్నారు. ఏది తినదగినదో వాళ్లలా గుర్తుపట్టగలిగిన మనిషి పక్కన లేకుండా అడవి దుంపను వంటింటికి తేకూడదు.