సద్ది మూట, గుక్కెడు నీళ్లు

చిప్పగిరి నుండి గుంతకల్లుకో ఆదోనికో బయలుదేరితే జొన్నరొట్టెలు, నీళ్లసీసా వెంట తీసుకెళ్లడం మన కుటుంబాలలో వాడుక. అయితే పట్టణాల్లోని అనేక సినిమాహాళ్లు బయటి తిండిని లోనికి రానివ్వవు. ఇది న్యాయమా?

రానివ్వాలని 2018లో జమ్ము కాశ్మీర్ హైకోర్టు ఆదేశించింది. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. హాలు యజమానిది గనుక, బయటి తిండిని ఆపే హక్కు అతనికున్నదని తీర్పిచ్చింది. అయినా రెండు సంగతులు స్పష్టం చేసింది: మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, పసిబిడ్డ కొరకు తల్లిదండ్రులు తెచ్చిన తగుమాత్రపు ఆహారాన్ని అడ్డగించరాదు.

సినిమాకు వెళ్లవచ్చునా అన్నది వేరే ప్రశ్న. వెళ్లినచోట యజమాని నియమాన్ని గౌరవించడం విశ్వాసికి తగినది. కాని బిడ్డ పాలసీసాను ఆపినా, నీళ్లు కొనుక్కోవలసిందే అన్నా, తల్లులారా, సిగ్గుపడి ఊరకుండవద్దు. తగవులాడకుండా ఈ తీర్పును గుర్తుచేయండి. వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

మన సంఘాలలో హోటళ్లు, అంగళ్లు నడిపే సహోదరులకు ఒక మాట. ఆ తీర్పు సినిమాహాళ్ల గురించినదే. అయినా దప్పికతో వచ్చినవారికి నీళ్లివ్వడానికి మనకు కోర్టు ఆజ్ఞ కావాలా? వాకిట ఒక కుండ పెట్టండి. చన్నీళ్లిచ్చిన చేతిని ప్రభువు మరువడు.