కంప్యూటర్ హోరెత్తితే ఫ్యాన్‌ను తిట్టకండి

ఆషాఢ గాలి మొదలైతే కేజీఎఫ్‌లో మన ఇళ్ల కిటికీలు మూసినా లాభం లేదు. సైనైడ్ దిబ్బల మీది సన్నటి పొడి ఎలాగో లోపలికి వచ్చేస్తుంది. అప్పుడే ఇంట్లో కంప్యూటర్ కూడా పిండిమరలా హోరెత్తుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉంది.

ప్రాసెసర్ లోపలే వేడిని కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఆ అంకెను చూసి మదర్‌బోర్డు ఫ్యాన్ వేగాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇప్పటి ఫ్యాన్లకు నాలుగు తీగలు. రెండు తీగలు 12 వోల్టుల కరెంటుకి. మూడోది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు చెబుతుంది. ఎంత వేగంగా తిరగాలో చెప్పేది నాలుగోది. అందులో సంకేతం సెకనుకు దాదాపు 25 వేల సార్లు ఆన్ అయి ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉండే భాగం ఎక్కువైతే వేగం ఎక్కువ. పాత మూడు తీగల ఫ్యాన్‌కు ఆ వసతి లేదు, వోల్టేజి తగ్గించి నెమ్మది చేయాల్సిందే.

ఎంత వేడికి ఎంత వేగమో బయాస్‌లో మనమే పెట్టుకోవచ్చు. ఉదాహరణకు 40 డిగ్రీల దగ్గర 30 శాతం, 75 దగ్గర పూర్తి వేగం. ఇక్కడే మాలో ఒకరి ఇంట్లో పొరపాటు జరిగింది. చప్పుడు భరించలేక ఫ్యాన్‌ను 'సైలెంట్'లో పెట్టారు. అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తుండగా కంప్యూటర్ ఆగిపోయింది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వస్తే ముందు తమ వేగం తగ్గించుకుంటాయి, ఇంకా వేడెక్కితే కంప్యూటరే ఆరిపోతుంది.

ఫ్యాన్‌కు వేడి తెలుస్తుంది గానీ దుమ్ము తెలియదు. హీట్‌సింక్ రేకుల మధ్య పొడి అట్టకడితే గాలి దూరదు, ఫ్యాన్ ఎంత తిరిగినా వేడి దిగదు. గనిలో పనిచేసిన ఇళ్లవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఛాంపియన్ రీఫ్ 3 కిలోమీటర్లకు పైగా లోతు, అడుగున రాయి వేడే 60 డిగ్రీలు దాటేది. 2001 ఫిబ్రవరిలో గనులు మూసేదాకా అక్కడ గాలి అందితేనే పని.

కాబట్టి ముందు శుభ్రం చేయండి. ప్లగ్ తీసి, కంప్యూటర్‌ను వాకిట్లోకి తెచ్చి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని కుంచెతో దులపండి. బ్లోయర్ గాలికి రెక్క గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. నోటితో ఊదకండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, అది దిబ్బ పొడి. ఆషాఢానికి ముందొకసారి, తర్వాతొకసారి చేస్తే మా ఇళ్లలో సరిపోతోంది. దిబ్బల పక్క వీధుల వాళ్లకు మరోసారి పడుతుంది.