కరెంటు బిల్లు కట్టలేక... గాలిమర కొన్న పంచాయతీ!

సోలార్, విండ్ పవర్ అనగానే పెద్ద పెద్ద కంపెనీలు, వందల ఎకరాలు గుర్తొస్తాయి కదా. ఈ రోజు నేను చెప్పబోయేది ఒక మామూలు గ్రామ పంచాయతీ గురించి. తమిళనాడు, కోయంబత్తూరు జిల్లాలోని ఓడంతురై.

1996లో అక్కడ ఆర్. షణ్ముగం పంచాయతీ ప్రెసిడెంట్ అయ్యారు. మన సర్పంచ్ లాగే అన్నమాట. మంచినీళ్లు వచ్చాయి, వీధి దీపాలు పెరిగాయి. బాగానే ఉంది, కానీ వాటి వెనకాలే కరెంటు బిల్లూ పెరిగింది. మన ఊళ్లలో కూడా ఇదే గొడవ. పంచాయతీ బకాయి పడితే సప్లై కట్ చేస్తారు. అప్పుడు ఆగేది ఆఫీసులో ఫ్యాన్ ఒక్కటే కాదు, వాటర్ ట్యాంక్ నింపే మోటారు కూడా.

వాళ్లు మొదట చిన్నగానే మొదలుపెట్టారు. చెక్క వ్యర్థాల నుంచి గ్యాస్ తీసి, దాంతో నీళ్ల మోటారు నడిపే 9 కిలోవాట్ల యూనిట్ పెట్టారు. ఆ తర్వాత 2006లో ఏకంగా 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు! ఖర్చు 1.55 కోట్లు. అందులో పంచాయతీ సొంత డబ్బు 40 లక్షలు, మిగతాది బ్యాంకు లోను. నాకు బాగా నచ్చింది ఇదే. గ్రాంటు వచ్చేదాకా చూస్తూ కూర్చోలేదు.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. ఆ గాలిమర ఓడంతురైలో లేదు! గాలి బాగా వీచే ఉడుమలపేట వైపు పెట్టారు. మరి కరెంటు ఊరికెలా వస్తుంది? నిజానికి అదే కరెంటు రానక్కర్లేదు. అక్కడ తయారైంది గ్రిడ్‌లోకి వెళ్తుంది, ఇక్కడ వాడుకున్న యూనిట్లు లెక్కలో తగ్గుతాయి. బ్యాంకులో ఒక బ్రాంచిలో డబ్బు వేసి ఇంకో బ్రాంచిలో తీసుకున్నట్టు. ఏటా సుమారు 6.75 లక్షల యూనిట్లు తయారైతే, పంచాయతీ అవసరం సుమారు 4.5 లక్షలు. మిగిలింది విద్యుత్ బోర్డుకి అమ్మి, ఆ డబ్బుతో లోను తీర్చుకున్నారు.

"మా పంచాయతీకి 40 లక్షలు ఎక్కడివి?" అంటారు. కరెక్టే, చాలా వాటికి ఉండవు. పైగా గ్రిడ్ రూల్స్ రాష్ట్రానికో రకం. కానీ డబ్బు పెద్దగా పెట్టకుండా పంచాయతీ చేయగలిగిన పని ఒకటుంది. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్‌లో ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే 78,000 వరకు సబ్సిడీ ఇస్తారు. ఇంటింటికీ తిరిగి డాబాల లిస్టు రాసి, అప్లికేషన్ నింపడానికి, బ్యాంకు లోనుకి సాయం చేస్తే చాలు. అలా తమ పరిధిలో పెట్టించినందుకు స్థానిక సంస్థకి ఇంటికి 1,000 రూపాయల ప్రోత్సాహకం కూడా ఆ స్కీములోనే ఉంది. ఇది చాలామందికి తెలీదు.

వచ్చే గ్రామసభకి వెళ్తే ఒక్కటి అడగండి: మన వీధి దీపాలకి, నీళ్ల మోటార్లకి కలిపి పోయిన ఏడాది ఎన్ని యూనిట్లు కాలాయి? ఓడంతురై వాళ్లు గాలిమర సైజు తేల్చుకోవాలన్నా ముందు ఆ నంబరే కావాలి.