ఆవగట్టు తాటిచెట్టు, ఆకాశం నుంచి కొలత

విమానం నుంచో డ్రోన్ నుంచో తీసిన ఫొటో మీద స్కేలు పెట్టి కొలిస్తే వచ్చే అంకె చాలా సందర్భాల్లో తప్పు అంకే. ఎందుకంటే ఫొటో ఒకే బిందువు నుంచి చూసిన చూపు, పటం మాత్రం ప్రతి చోటునూ సరిగ్గా దాని నెత్తిమీద నుంచి చూసిన చూపు. ఈ రెంటి మధ్య తేడాను లెక్కకట్టి తొలగించే శాస్త్రాన్ని ఫోటోగ్రామెట్రీ అంటారు. 19వ శతాబ్దం మధ్యకాలంలో ఫ్రెంచి సైనికాధికారి లోసెదా దీనికి పునాది వేయగా, భవనాలను ఫొటోల ద్వారా కొలిచిన జర్మన్ వాస్తుశిల్పి మైడెన్‌బావర్ 1867లో దీనికి పేరు పెట్టాడు.

ఈ లెక్కలోని చిక్కులన్నీ ఒకేచోట కనిపించాలంటే అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురానికి దగ్గరగా ఉన్న కొండకర్ల ఆవను తలచుకుంటే చాలు. వలసపక్షులకూ, తాటిమానులు తొలిచి జతకట్టిన దోనెలకూ పేరుపడిన ఈ మంచినీటి సరస్సు చుట్టూ పొలాలు, తాటిచెట్లు, ఆపైన కొండలు ఉన్నాయి. అనుమతులన్నీ దొరికి, 2021 నాటి డ్రోన్ నిబంధనలు ఆంక్షలు లేని ఆకుపచ్చ మండలంలో (గ్రీన్ జోన్‌లో) అనుమతించే గరిష్ఠ ఎత్తు 120 మీటర్ల నుంచి ఒక డ్రోన్ దీన్ని ఫొటో తీసిందనుకుందాం.

బడిపిల్లలు అట్టపెట్టెతో చేసే సూదిబెజ్జం కెమెరాయే గణితజ్ఞుల కెమెరా నమూనాకు మూలం. నేలమీది బిందువు, కటక కేంద్రం, ఫొటోలో పడిన చుక్క, ఈ మూడూ ఒకే సరళరేఖ మీద ఉంటాయన్న సరేఖీయత నియమం మీదనే శాస్త్రమంతా నిలిచింది. కటకం నాభ్యంతరం 8.8 మిల్లీమీటర్లు, ఒక్కో పిక్సెల్ వెడల్పు 2.4 మైక్రాన్లు అయితే, 120 మీటర్ల ఎత్తు నుంచి ఒక పిక్సెల్ నేలమీద సుమారు 3.3 సెంటీమీటర్లకు సమానమని సరూప త్రిభుజాలు తెలిసిన ఎవరైనా చెప్పగలరు. అయితే ఆ అంకె నీటిమట్టానికే వర్తిస్తుంది. నీటికి 20 మీటర్ల ఎత్తున కొండవాలులో ఉన్న చదును చెక్క కెమెరాకు అంత దగ్గరవుతుంది గనుక, అదే స్కేలుతో కొలిస్తే ఎకరం పొలం కాస్తా ఎకరా 44 సెంట్లుగా తేలుతుంది.

తాటిచెట్టు సంగతి మరీ విచిత్రం. డ్రోన్ నిలిచిన చోటుకు సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి 60 మీటర్ల దూరంలో, నీటిమట్టాన ఉన్న గట్టు మీద, 20 మీటర్ల చెట్టు ఉంటే, దాని మొదలు తన చోటనే ఉన్నా తల మాత్రం 12 మీటర్లు బయటికి జరిగినట్లు ఫొటోలో పడుతుంది. డ్రోన్ ముందుకు సాగి చెట్టును దాటాక తీసిన ఫొటోలో అదే చెట్టు రెండోవైపుకు వాలుతుంది. ఈ వాలు చూసేవారికి లోపంలా తోచినా, కొలిచేవారికి అదే పెన్నిధి. ఒకే బిందువు రెండు ఫొటోల్లో ఎంత జరిగిందో తెలిస్తే (దీన్నే దృష్టి విక్షేపం అంటారు) దాని ఎత్తు తెలిసినట్టే. రెండు ఫొటోల మధ్య డ్రోన్ 24 మీటర్లు కదిలితే, ఆ జరుగుబాటును కొలవడంలో ఒక్క పిక్సెల్ పొరపాటుకు ఎత్తులో సుమారు 16 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అడ్డకొలతల కంటే ఎత్తు కొలతలు సాధారణంగా మొండివి.

నిజమైన కటకం సూదిబెజ్జం కాదు. అంచుల్లో సరళరేఖలను వంచుతుంది. కనుక నాభ్యంతరాన్నీ, ఫొటో కేంద్రం అసలు స్థానాన్నీ, ఆ వంపు పరిమాణాన్నీ ముందుగా తేల్చాలి. దానికితోడు ఫొటో తీసిన క్షణాన కెమెరా ఎక్కడుందో చెప్పే మూడు అంకెలు, ఎటు వంగి ఉందో చెప్పే మూడు కోణాలు కలిసి ప్రతి ఫొటోకూ ఆరు అజ్ఞాతాలు. ఫొటోలో గుర్తించిన ప్రతి చుక్క రెండు సమీకరణాలను ఇస్తుంది. వందల ఫొటోల, వేల చుక్కల సమీకరణాలన్నిటినీ కలిపి, మిగిలే దోషాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా ఒక్కసారిగా సాధించే బండిల్ అడ్జస్ట్‌మెంట్ పద్ధతిని 1950ల చివర అమెరికన్ శాస్త్రవేత్త డుయేన్ బ్రౌన్ రూపొందించాడు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లను సైతం అలసగొట్టిన ఆ పని నేడు మామూలు కంప్యూటర్ చేసిపెడుతోంది.

అయినా ఆవ నీటి దగ్గర ఈ లెక్క తడబడుతుంది. అలలూ ఎండ మెరుపూ ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మారిపోతాయి గనుక పోల్చుకోవడానికి నిలకడైన చుక్కే దొరకదు; నీటి ఉపరితలం లెక్కలో గుంటలుగానో దిబ్బలుగానో తేలుతుంది. తామరాకులు కప్పిన చోట ఒడ్డు ఎక్కడ ముగిసిందో కెమెరాకు కనిపించనే కనిపించదు. అక్కడ మనిషి దిగి కొలవాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ శాస్త్రం సామాన్య రైతు గడప తొక్కింది భూముల రీసర్వేతో. 66 అడుగుల గొలుసు పట్టి కొలిచిన పాత రికార్డుల స్థానంలో కొత్తవి తయారుచేసే ఈ కార్యక్రమం, 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో లాంఛనంగా మొదలైంది. సర్వే ఆఫ్ ఇండియా సహకారంతో డ్రోన్లు ఎగిరాయి. ఫొటోల వాలు తీసేసి పటంలా సరిదిద్దిన ఆర్థో చిత్రాలు తయారయ్యాయి. ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని కొలిచే రోవర్ పట్టుకుని సిబ్బంది పొలాల్లో తిరిగారు. అయితే ఆర్థో చిత్రంలో సాధారణంగా నేల వాలు మాత్రమే సరిదిద్దబడుతుంది, చెట్ల వాలు అలాగే మిగులుతుంది. అందుచేత చెట్టుతల కింద దాగిన గట్టును తెరమీద చూసి గీస్తే హద్దు మీటర్ల మేర తప్పవచ్చు. సెంటు అంటే 40 చదరపు మీటర్ల పైచిలుకు మాత్రమేనని గుర్తుంచుకుంటే, ఆ తప్పు ఎంతటి తగాదాకు దారితీస్తుందో ఊహించడం కష్టం కాదు.

లెక్కను సరిచూడటానికి నేలమీద కొన్ని గుర్తులు పెట్టి, వాటిని గణనలో కలపకుండా పక్కన ఉంచి, చివర పోల్చిచూసే పద్ధతి ఉంది. వీటిని పరీక్షా బిందువులు అంటారు. ఊరి పటం గ్రామసభ ముందుకు వచ్చిన రోజున రైతులు బొమ్మ స్పష్టతకు మురిసిపోయే ముందు, ఆ బిందువుల వద్ద తేడా ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందనీ, తాటిచెట్ల వరుస కింది హద్దును రోవర్‌తో కొలిచారా, లేక తెరమీద చూసి గీశారా అనీ అడగాలి.